ఐర్లండు పల్లెలలో కమ్మరి కొలిమి

పొయ్యిమీది పెనమును, పెరటిలోని గునపమును, కూరలు తరుగు కత్తిపీటను దినమున కెన్నిమాఱులో చేత బట్టుకొందుము గాని, వానిని సాగగొట్టిన చేతులను మన మొక్కమాఱైనను తలపము. పండించువాడు కాపు, వండిపెట్టునది యిల్లాలు, ఈ యిరువురి చేతులకును పనిముట్టు నందించువాడు కమ్మరి. ఈ మాట యే దేశమునకైనను చెల్లును. ఐరోపాఖండమునకు పడమటి కొసను, అట్లాంటికు మహాసముద్రమున నున్న ఐర్లండు ద్వీపమున పల్లెటూరి కొలిమి యెట్లు వెలిగినదో, యెట్లు చల్లాఱినదో, చల్లాఱిన పిదప దాని జ్ఞాపకము నెవరు కాపాడిరో సోదరీమణులకు విన్నవింపగోరి యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఐర్లండు వానలు మెండుగా గురియు పచ్చికబయళ్ళ దేశము. 19వ శతాబ్దమునను, 20వ శతాబ్దపు తొలియర్ధమునను అచ్చటి పల్లెవాసులలో పెక్కుమంది చిన్న కమతములపై బంగాళాదుంపలను, ఓట్సు ధాన్యమును పండించుకొనుచు, ఆవులను పెంచుకొనుచు జీవించెడివారు. దుక్కికి గుఱ్ఱములు, బండికి గుఱ్ఱములో గాడిదలో వారికి సాధనములు. కావున నడచిపోగల దూరములో కమ్మరి లేనిదే యే పల్లెకును గడవకుండెను. కొలిమి తఱచుగా దారులు కలియుచోట, నీటివాగు దాపున నుండెడిది. రాతిగోడలు, ఎత్తు తక్కువ కప్పు, ఒకటి రెండు చిన్న కిటికీలు: ఇంతే దాని రూపము. కొన్నియెడల ద్వారమునే గుఱ్ఱపు లాడపు టాకారమున రాతితో కట్టుటయు గలదు. విక్లో జిల్లాలోని ఎన్నిస్కెరీ గ్రామమున నట్టి ద్వారముగల పాతకొలిమి కట్టడ మున్నది.

కొలిమి లోపల చీకటిగా నుండుట బీదతనముచేత మాత్రము గాదు. ఇనుము కాగినకొలది దాని రంగు మాఱును. మొదట ముదురెఱుపు, పిమ్మట లేతయెఱుపు, నారింజవన్నె, పసుపు, తుదకు ఇంచుమించు తెలుపు. ఏ రంగున దానిని వంపవలెనో, ఏ రంగున రెండు ముక్కల నొకటిగా నతుకవలెనో కమ్మరి కన్నే చెప్పవలెను. ఎండ పడినచో నా రంగుల భేదము తెలియదు. వేడిని కొలుచు యంత్రము లేని యా కాలమున చీకటియే యతని కొలబద్ద.

గోడ నానుకొని రాతితో గట్టిన యెత్తైన పొయ్యి; దానివెనుక చెక్కపలకలకు తోలు బిగించి చేసిన పెద్ద తిత్తి; నడుమ లావైన చెట్టుమొద్దుపై దాగలి; ప్రక్కను నీటితొట్టి. పనిమీద వచ్చినవారి పిల్లలు నేను నేనని ముందుకుబోయి తిత్తి నూదెడివారు. పటకారులలో, సుత్తులలో పెక్కింటిని కమ్మరి తనకు తానే చేసికొనెడివాడు. తన పనిముట్లను తాను చేసికొని, వడ్రంగి పనిముట్లను, కాపు పనిముట్లను గూడ చేసియిచ్చువాడు గనుకనే యతనికి పల్లెలో నంతటి గౌరవము. పూర్వము కొలిమిలో టర్ఫు బొగ్గును వాడెడివారు. టర్ఫనగా బురదనేలలలో నాచును గడ్డియు వేలయేండ్లు నాని, దట్టమై యేర్పడిన మన్ను. దానిని ఇటుకలవలె కోసి యెండబెట్టి, ఇండ్లలో వంటచెఱకుగా వాడెడివారు. కాల్చి బొగ్గుచేసి కొలిమికి వాడెడివారు. తరువాత రాతిబొగ్గు వ్యాపించెను.

ఇక నా దేశపు వంటింటిని చూతము. గోడ నానుకొని నేలమీదనే పెద్ద టర్ఫునిప్పు, దానిపైన పొగగూడు. నిప్పు ప్రక్కను నిలువుగా నొక యినుపకంబము, దానినుండి యడ్డముగా నొక యినుపచేయి. తలుపు రెక్కవలె తిరుగు నా చేతినుండి కొక్కెములు వ్రేలాడుచుండును. కొక్కెమును మెట్టుమెట్టుగా పైకిని క్రిందికిని మార్చి, కుండను నిప్పునకు దగ్గఱగానో దూరముగానో నిలుపవచ్చును. మంట మందము చేయు సాధనము లేని నాడు వంట మాడకుండుటకును, పాలు పొంగకుండుటకును ఇదియే యుపాయము. కుండను దింపవలెనన్న నిప్పుపై వంగి బరువెత్త నక్కఱలేదు. ఆ చేతిని పట్టి యీవలకు లాగిన జాలును. దీనిని వారు క్రేను అని పిలిచెడివారు. పోతయినుపకుండలు కార్ఖానాలనుండి వచ్చెడివి గాని క్రేను, కొక్కెములు, ఇనుప ముక్కాలిపీట, నిప్పు పట్టు పటకారు పల్లెకమ్మరి చేతిపనులు. ఉత్తరభాగమున ఓట్సుపిండి రొట్టెను పెనముమీద కాల్చిన పిదప నిప్పున కెదురుగా నిలువున నానించి గట్టిపడనిచ్చెడివారు. ఆ రొట్టె నానించుటకు కమ్మరి ప్రత్యేకముగా నొక చిన్న యినుపచట్రమును చేసియిచ్చెడివాడు. దానికి హార్నెన్ చట్రమని పేరు. రొట్టె నానించుటకు వట్టి కడ్డీలు చాలును. అయినను వానికి వంకీలు దిద్ది, సొగసు గూర్చిన చట్రములు నేటికిని వస్తుప్రదర్శనశాలలయందు గనబడుచున్నవి.

పొలమునకు సంబంధించిన పని యింతకంటె నెక్కువ. రాళ్ళు తగిలి, మన్ను రాచుకొని నాగలికఱ్ఱు అరిగిపోవును. అరిగిన మొనకు క్రొత్త యినుమును గాచి యతికి, దానిని మరల వాడిచేసి యిచ్చుట కమ్మరికి ఏటేట వచ్చెడి పని. గుఱ్ఱమును పోషింపలేని పేదకాపు కాలితో త్రొక్కి దింపు పారతోనే బంగాళాదుంపల కయ్యలను సిద్ధపఱచుకొనెడివాడు. నేల స్వభావము ననుసరించి పార రూపము ఊరూరికి మాఱుచుండెను. బంకమన్నుకు వేఱు, రాతినేలకు వేఱు. టర్ఫును కోయుటకు ప్రక్కను చిన్న రెక్కగల మఱియొకటి, దానిపేరు ష్లాన్. ఊరి నేలను, ఊరివారి యలవాటును ఎఱిగిన కమ్మరియే వానిని సరిగా చేయగలిగెడివాడు. కాలక్రమమున నీటిబలముతో పెద్ద సమ్మెటను నడపి పారలనే చేయు మిల్లులును బయలుదేఱెను. ఆంట్రిం జిల్లాలోని టెంపుల్‌పాట్రిక్ యొద్ద 1919లో స్థాపింపబడిన ప్యాటర్సన్ పారల మిల్లు అట్టివానిలో కడపటిది. దానిని నేషనల్ ట్రస్టువారు సంరక్షించుచున్నారు.

గుఱ్ఱమునకు లాడము వేయుట కొలిమిలో నెల్లప్పుడును జనులు చూడగోరు పని. కమ్మరి గుఱ్ఱపు కాలిని తన మోకాళ్ళ నడుమ నిఱికించుకొని పాతలాడము నూడదీయును. పెరిగిన డెక్కను మనము గోళ్ళు తీసికొనునట్లు చెక్కి చదునుచేయును. క్రొత్తలాడమును వేడిగానే యొక్కక్షణము డెక్కకు తాకించి యది సరిగా నమరినదో లేదో చూచును. అప్పుడు గుప్పున పొగయు, కాలినకొమ్ము కంపును లేచును. చూచువారికి జాలి కలుగును గాని గుఱ్ఱమునకు నొప్పి లేదు; డెక్క వెలిభాగము మన గోటివలె స్పర్శ తెలియనిది. అయితే మేకు ఒక్క నూలుపోగంత లోపలికి జరిగినను సజీవమైన భాగమునకు తగిలి గుఱ్ఱము కుంటిదగును. బీదకాపునకు గుఱ్ఱము కుంటుట యనగా ఆ యేటి సేద్యమే కుంటుట. కమ్మరిచేతి నేర్పుమీద ఒక కుటుంబపు తిండి యట్లాధారపడియుండెను. శీతకాలమున దారులమీద మంచు గట్టిపడినప్పుడు గుఱ్ఱములు జాఱకుండుటకై మొనగల ప్రత్యేకపు మేకులను కొట్టించుకొనుటకు తెల్లవారకమునుపే జనులు కొలిమి ముందఱ చేరెడివారు.

బండిచక్రమునకు ఇనుపపట్టా తొడుగుట మఱియొక ముఖ్యమైన పని. చాలకొలుముల వెలుపల నేలపై గుండ్రని పెద్దఱాయి యొకటి పఱచియుండును. నడుమ చక్రపు నాభి దిగుటకు రంధ్రము. వడ్రంగి చేసి తెచ్చిన కొయ్యచక్రమును దానిమీద నుంచి బిగింతురు. పట్టాను చక్రపు చుట్టుకొలతకంటె కొంచెము చిన్నదిగా చేసి, చుట్టును టర్ఫునిప్పు పేర్చి యెఱ్ఱగా గాతురు. వేడికి సాగిన పట్టాను ఇద్దఱు ముగ్గురు పొడవైన పటకారులతో పట్టి తెచ్చి చక్రముపై నమర్చి, సమ్మెటలతో కొట్టి, కొయ్య కాలిపోకముందే నీళ్ళు గుమ్మరింతురు. ఆవిరి బుసకొట్టును, ఇనుము కుంచించుకొనును, కొయ్యకీళ్ళు కిఱ్ఱుమనుచు బిగిసి చక్ర మొక్కటియగును. ఒక్కరిచేత నగు పని గాదు గనుక నిరుగుపొరుగువారు సాయము వచ్చెడివారు.

ఈ పనులన్నిటికిని రొక్కమే యీయవలెనను నియమము లేకుండెను. డబ్బు చేతికి వచ్చు కాలమువఱకు పద్దు నిలిపియుంచుటయు, బదులుగా కమ్మరి టర్ఫును ఆరవేయుటకో, బంగాళాదుంపలను త్రవ్వుటకో కాపులు కొన్నిదినములు పనిచేసి యిచ్చుటయు గలదు. మన పల్లెలలో చేతిపనివారికి కళ్ళమువద్ద మేర కొలిచి యిచ్చు పద్ధతి యెఱిగినవారికి ఇది క్రొత్తగా దోపదు. వానకాలపు సాయంకాలములందు కొలిమి మగవారికి చావడి. వార్తలు, సంతధరలు, పాతకథలు అచ్చటనే తెలిసికొనవలెను. స్త్రీలు మాత్ర మచ్చట కూర్చుండుట యరుదు. అయినను వారి మరమ్మతు సామానులు చంకబెట్టుకొని పోయిన పిల్లలు కథలను మోసికొని యింటికి వచ్చెడివారు.

కమ్మరిని గూర్చిన గౌరవము ఆ దేశమున మిక్కిలి ప్రాచీనమైనది. మన వేదములలో త్వష్ట యింద్రునికి వజ్రాయుధమును చేసియిచ్చినట్లే, వారి పూర్వగాథలలో గొవ్‌న్యూ అను దేవశిల్పి గుఱితప్పని యాయుధములను దేవతలకు చేసియిచ్చెను. సుమారు 900వ సంవత్సరకాలపు కోర్మాక్ నిఘంటువు బ్రిజిడ్ అను పేరుగల మువ్వురక్కచెల్లెండ్రను దేవతలుగా జెప్పుచున్నది. ఒకతె కవిత్వమునకు, ఒకతె వైద్యమునకు, ఒకతె కమ్మరపుపనికి అధిదేవత. సమ్మెటపని పురుషులదేయని తలచు మనకు, ఆ పనికి స్త్రీదేవతయే అధిష్ఠాత్రి యగుట యాశ్చర్యము గొల్పును. అదే పేరుగల క్రైస్తవసాధ్వి బ్రిజిడ్ పండుగను ఐర్లండు ప్రభుత్వము 2023 మొదలు సెలవుదినముగా జరుపుచున్నది. అల్‌స్టరు గాథలలో సెటాంటా అను బాలుడు కులన్ అను కమ్మరి కాపలాకుక్కను చంపి, దానికి బదులుగా తానే కాపలా కాచెదనని మాటయిచ్చి, కులన్ కుక్క యను నర్థముగల కూ హలిన్ అను పేరొందెను. ఆ జాతికి మహావీరుడైనవాని బిరుదు ఒక కమ్మరియింటినుండి వచ్చినది! కమ్మరిని ఐరిష్ భాషలో గవ అందురు. మాక్‌గవన్ అను నింటిపేరునకు కమ్మరికొడుకని యర్థము. ఆంగ్లేయపాలనలో ఆ యింటిపేరువారు పలువురు స్మిత్తులని వ్రాయించుకొనిరి.

గౌరవముతో కూడ కొంత భయమును నుండెను. కొలిమినుండి దొంగిలించిన సొత్తు అచ్చిరాదనియు, దాగలిని త్రిప్పి కమ్మరి పెట్టిన శాపము తగులుననియు నమ్మెడివారు. కాగిన యినుమును ముంచిన తొట్టినీరు పులిపిరులను పోగొట్టునని తీసికొనిపోయెడివారు. తల్లి కొంచెముసేపు బయటికి పోవలసివచ్చినచో, మాయలవారు బిడ్డ నెత్తుకొనిపోకుండ ఊయెలకు అడ్డముగా ఇనుపపటకారు నుంచెడిది. మన పురిటింట తల్లి ప్రక్కను ఇనుపముక్క నుంచు నాచారము నెఱిగిన సోదరీమణులకు ఈ సంగతి వినగానే నవ్వు రాదు; అంత దూరపు తల్లియు మనవలెనే బిడ్డకై బెదరినదని తోచును.

కొలిమి పల్లెకు తిండి పెట్టినట్లే యొకప్పుడు ఆపదను గూడ దెచ్చెను. 1798లో ఆంగ్లేయపాలనపై ఐర్లండువారు తిరుగుబాటు చేసినప్పుడు తుపాకులు లేని కాపులకు ఈటెలే యాయుధములు. కొయ్యలకు మొనలు చేసియిచ్చినవారు పల్లెకమ్మరులు. అందువలన సైనికులు ముందుగా వెదకిన చోట్లలో కొలుములుండెను. ఆయుధములు దాచిన తావులు చెప్పుమని జనులను కొరడాలతో కొట్టించిరి. కిల్డేరు జిల్లా బాలిటోరు గ్రామమున ఆ దారుణమును కన్నులార చూచి వ్రాసియుంచినది మేరీ లెడ్‌బీటరు (1758–1826). ఆమె బడిపంతులు కుమార్తె, శాంతివ్రతులైన క్వేకరు మతస్థురాలు. ఆమె గ్రామచరిత్ర యామె మరణానంతరము 1862లో అచ్చుపడెను. రాజులు సేనాపతులు వ్రాయించిన చరిత్రలలో కానరాని పల్లెవారి రోదనము ఒక గృహిణి లేఖినివలన మనకు నిలిచినది.

ఇంతటి కొలిమి యెట్లు చల్లాఱెను? శత్రువులవలన గాదు. డౌన్ జిల్లాలో 1884లో ఒక కాపుకుటుంబమున బుట్టిన హారీ ఫెర్గుసన్ అను నతడు చిన్న కమతములకు తగిన ట్రాక్టరును కల్పించెను. పనిముట్టును ట్రాక్టరు వెనుక మూడుచోట్ల తగిలించి, నూనె యొత్తిడిచే ఎత్తుటకును దింపుటకును వీలగునట్లు చేయుట అతని కౌశలము. 1946 మొదలు 1956 వఱకు ఇంగ్లండులో తయారైన ఆ బూడిదరంగు ట్రాక్టరులు 5 లక్షలకు పైబడినవి. ఐర్లండు పొలములనుండి గుఱ్ఱము తొలగెను. గుఱ్ఱముతో లాడము, బండిచక్రముతో పట్టాయు పోయెను. ఆ 1946లోనే పల్లెలకు విద్యుచ్ఛక్తి నిచ్చు పని యారంభమాయెను. తరువాతి రెండు మూడు దశాబ్దములలో కొలుము లొక్కటొక్కటిగా మూతపడెను. కొందఱు కమ్మరులు యంత్రముల మరమ్మతునకును, ఇనుపగేట్ల పనికిని మరలిరి. లాడములు వేయువారు నేటికిని గలరు గాని వారే సామానులను మోటారుబండిలో పెట్టుకొని గుఱ్ఱములున్న చోటికి పోవుచున్నారు.

ఇందుకు మనము వట్టి కన్నీరు గార్చుట న్యాయము గాదు. వానలో గుఱ్ఱము వెంట దినమంతయు నడచిన కాపునకు ట్రాక్టరు మేలే చేసెను. మసిలో కండ్లు మండించుకొన్న యిల్లాలు క్రేనును విడిచి, మీట నొక్కిన వెలుగు పొయ్యిని కోరుకొనుటలో తప్పేమి? తప్పంతయు నొక్కటియే యగును: పనిముట్టుతోగూడ దానివెనుక నున్న తెలివిని, మాటలను, మనుష్యులను సైతము పారవేయుట. ఈ తప్పును జరుగనీయక ఐర్లండువారు చాలవఱకు తప్పించుకొనిరి. అది యెట్లో వినుడు.

1935లో అచ్చట జానపదవిజ్ఞాన సంఘమొకటి ప్రభుత్వముచే నేర్పడెను. ఆ సంఘమువారు బడిపంతుళ్ళ సహాయముతో 1937 మొదలు 1939 వఱకు ఒక మహాకార్యమును సాగించిరి. అప్పటి స్వతంత్ర రాజ్యములోని 26 జిల్లాలలో, సుమారు 5 వేల బడులలో, సుమారు 50 వేలమంది పిల్లలు తమ తాతలను, అవ్వలను, ఇరుగుపొరుగు వృద్ధులను అడిగి విన్న సంగతులను కాపీపుస్తకములలో వ్రాసిరి. బాలబాలికల ప్రాయము 11 మొదలు 14 ఏండ్లు. అడుగవలసిన విషయములను తెలుపు చిన్నపుస్తకమొకటి పంతుళ్ళకు పంపబడెను. అందు ఊరికొలిమియు నొక విషయము. మీ యూర కొలుము లెన్ని? కమ్మరి యేమేమి చేయును? కొలిమినీటి కేమి గుణములు? ఇట్టి ప్రశ్నలు. వారమువారము వ్రాయవలసిన వ్యాసమునకు బదులుగా పిల్లలు దీనిని వ్రాసిరి. మేము బడిపంతులు ఇంటివారము గనుక, ఆ సాయంకాలములందు పుస్తకముల కట్టల నెదుట కూర్చుండి మేలైనవానిని పెద్దపుస్తకములలోనికి చేర్చిన యా పంతుళ్ళ శ్రమ యెట్టిదో యూహింపగలము. ఆ విధముగా చేరిన వ్రాత సుమారు 7 లక్షల 40 వేల పుటలు. నేడవి డబ్లిన్ విశ్వవిద్యాలయ కళాశాలలో భద్రముగా నున్నవి; అంతర్జాలమున నెవరైనను చదువవచ్చును. ఆ సంఘము సేకరించిన సంపదను యునెస్కోవారు 2017లో ప్రపంచస్మృతి పట్టికలో చేర్చిరి.

ఆ పిల్లలు పండితులు కారు. వారి వ్రాత చిన్నచిన్న వాక్యములు: తిత్తి యెట్లున్నది, తొట్టి యెక్కడ నున్నది, కమ్మరి తండ్రియు కమ్మరియేనా. కాని పదియిరువదియేండ్లలో ఆ కొలుములు మూతపడబోవుచున్నవని అప్పుడు వారికి తెలియదు. తెలిసియున్న పెద్దలును వ్రాసియుండరు. సరియైన సమయమున నడిగినందుననే యా జ్ఞాన మెల్ల దక్కినది.

కొలిమి కవిత్వమునను నిలిచినది. 1995లో నోబెల్ బహుమానమందిన షేమస్ హీనీ డెర్రీ జిల్లా పల్లెవాడు. తన యూరిదాపున హిల్‌హెడ్ యందలి కొలిమిని మనసున నుంచుకొని వ్రాసిన పద్యము 1969లో వెలువడిన యతని రెండవ సంపుటమున నున్నది. ఆ సంపుటము పేరున కర్థము చీకటిలోనికి ద్వారము. కొలిమిచీకటి యేల యవసరమో తెలిసిన మనకు ఆ పేరు మఱింత చక్కగా దోచును. పిమ్మట 2000వ సంవత్సరము ప్రవేశించు నర్ధరాత్రమున హిల్‌హెడ్ కమ్మరి తన దాగలిపై 12 దెబ్బలు కొట్టెను. కెనడాలో నున్న అతని బంధువు టెలిఫోనులో ఆ చప్పుడు వినెను. దీనిని గూర్చియు హీనీ 2006లో ప్రకటించిన సంపుటమున నొక పద్యము వ్రాసెను.

సోదరీమణులారా! మన యిండ్లలోని వృద్ధులకు కొలిమి సంగతి తెలియును. దంపుడుఱోలు, రాట్నము, కవ్వము, గానుగ సంగతియు తెలియును. వారిని ప్రశ్నించుటకు పండితులు రానక్కఱలేదు. సెలవుదినములలో పిల్లలచేత ఒక పుస్తకమును పట్టించి, అవ్వ ప్రక్కను కూర్చుండబెట్టుడు. మీ యూర కమ్మరి యెవరు, దాగలి దేనిమీద నుండెడిది, ఏ పనికి ఏమి యిచ్చెడివారు అని యడుగుమనుడు. అవ్వ చెప్పిన మాటలలోనే వ్రాయుమనుడు. ఊరిపేరు, తేది, చెప్పినవారి పేరు పైన వేయించుడు. ఐర్లండు బాలబాలికలు చేసినది యింతమాత్రమే. దీనికి వలయునది ఒక కాపీపుస్తకము, ఒక సాయంకాలము, అడిగినదానికి బదులు చెప్ప నోపికగల యొక పెద్ద. ఈ మూటిలో మూడవది యెల్లకాలము మన యింట నుండదు గనుక ఈ పని యీ సెలవులలోనే మొదలిడుట మంచిది.